ట్రేసరు గారి బల్ల

మా త్రిమూర్తులు గారికి ఈ లోకంలో ఒకే ఒక్క బొమ్మ వెయ్యడం వచ్చు. పొద్దుగూకే వేళ కాలవగట్టు. ఇటు కొబ్బరిచెట్లు, అటు వరిచేలు, మధ్యలో కాలవ, పైన బోలెడంత ఆకాశం, అంతా తడితడిగా, మసకమసకగా. దాన్నే పదకొండేళ్ళుగా రోజూ వేస్తున్నారు. ఈపాటికి ఎన్నయ్యాయండీ అని అడిగితే, "ఇంకా ఒకటీ అవలేదురా, కుదిరితే కదా!" అంటారు.

మా పొన్నలంకలో ఆ బొమ్మ లేని ఇల్లు లేదు. పెళ్ళికి పిలిస్తే అదే చదివింపు. గృహప్రవేశానికీ అదే, బారసాలకీ అదే. మా వీధిలో ఒకాయన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. ఇప్పుడాయన హాల్లో మూడు గోడలకి మూడు సాయంత్రాలు వేలాడుతున్నాయి. నాలుగో గోడకి తలుపుంది కాబట్టి బతికిపోయాడు.

ఆయన అసలు ఉద్యోగం ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు గీసిన కాలవల మ్యాపుల మీద పల్చటి కాగితం పరిచి, ఉన్నదున్నట్టు మళ్ళీ గీసి, రంగులు పూయడం ఆ పని. ముప్ఫై మూడేళ్ళు పూశారు. రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మాటలు చెప్పమని మైకిచ్చారట. ఆయన నిజంగానే నాలుగు మాటలే చెప్పారు.

"ముప్ఫై మూడేళ్ళు నాచేత కాలవలన్నిటికీ నీలం రంగు వేయించేరు. ఒక్క కాలవైనా నీలంగా ఉంటుందాండీ? పొద్దున్నే లేచి కాలవలో మునిగి, ఆఫీసుకొచ్చి అబద్ధం పూసేవాణ్ణి. ఇంక నిజం పూస్తాను. సెలవు."

మర్నాడు సాయంత్రానికల్లా మా ఊరి తూము దగ్గర, అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని కనపడ్డారు. ఆ కూర్చోవడం కూర్చోవడం ఇప్పటిదాకా లేవలేదు.

నిజం పూయడానికి ఆయన పెట్టుకున్న గడువు రోజుకి ఇరవై నిమిషాలు. పొద్దు కొబ్బరితోపు వెనక్కి దిగినప్పుడు మొదలు, చీకటి పడేదాకా. ఆ ఇరవై నిమిషాలూ గట్టు ఆయన సొంతం. ఆ టైములో అటుగా వచ్చిన ప్రాణి ఏదైనా సరే, "ఆగు! అక్కడే ఆగు! కదలకు!" అని ఒక కేక పెడతారు. సైకిలాయన సైకిలు మీదే ఒంటికాలి మీద ఆగాలి. గడ్డిమోపుతో వచ్చేవాళ్ళు మోపుతోనే ఆగాలి. బొమ్మకి ప్రాణం కావాలిట, అందుకని.

ఒకసారి వీరాయమ్మ ఇలాగే దొరికిపోయింది. ఆవిడ రొయ్యల చెరువుల దగ్గర పనిచేసి ఆ వేళకి ఇల్లు చేరుతుంది. ఆపితే ఆగింది గానీ, మనసులో ఒక ఆశ పుట్టింది. నా బొమ్మ వేస్తుంటే ఈ మాసిన చీరేంటి అనుకుంది. మర్నాడు కువైట్ నుంచి కూతురు పంపిన ఆకుపచ్చ చమ్కీ చీర కట్టుకుని, పౌడరు రాసుకుని, మూర కనకాంబరాలు పెట్టుకుని, పిలవకుండానే వచ్చి గట్టుమీద నిలబడింది. ఇరవై నిమిషాలు. దోమలు కుడుతున్నా కదల్లేదు. అయ్యాక ఆత్రంగా వచ్చి కాగితంలోకి తొంగి చూసింది.

"నేనెక్కడున్నానండీ?"

"ఇదుగో."

"ఇదేటండీ, ఈగ వాలిందా?"

"ఈగ కాదమ్మా, నువ్వే."

"సుక్కా!"

"అంత ఆకాశం కింద ఎవరమైనా అంతేనమ్మా."

"మరి నా సీరేదండీ? పచ్చసీరండీ! సెమ్కీ ఉందండీ!"

"ఆ వేళప్పుడు అన్ని చీరలూ ఒకటే రంగమ్మా."

వీరాయమ్మ నడుం మీద చేతులేసుకుని ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "ఈమాత్రం సుక్కకి, నేను ఇంటికాడ కూకునే ఉండేదాన్ని కదండీ! నేనున్నాననుకుని మీరే ఎట్టుకునోరు!" అనేసి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఊళ్ళో ఎవర్ని ఆగమన్నా, "చుక్కకేనాండీ?" అని కనుక్కుని మరీ ఆగుతున్నారు. గేదెలు మాత్రం ఏమీ అడగవు. అందుకే ఆయనకి గేదెలంటే గౌరవం.

నీళ్ళ సంగతి ఇంకో గొడవ. కాలవ బొమ్మ కాలవ నీళ్ళతోనే వెయ్యాలన్నది ఆయన పట్టు. బాగానే ఉంది గానీ, ఎండాకాలం నీళ్ళు రాకుండా కాలవ కట్టేస్తారు కదా, అప్పుడెలా? కట్టేసే ముందురోజు రెండు బిందెల నిండా నీళ్ళు పట్టి, వాటి మీద "రంగు నీరు, ముట్టరాదు" అని చీటీ అంటించి, పడకగదిలో దాచుకుంటారు. ఒక ఏడాది వాళ్ళావిడ అమ్మాజీ పిన్నిగారు, నీళ్ళు పాచిపట్టాయని చూసి, ఒక బిందె కరివేపాకు మొక్కకి పోసేశారు. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగోరోజు పిన్నిగారు బోరు నీళ్ళు పట్టిచ్చి బతిమాలితే, వాటితో ఒక బొమ్మ వేసి, పెదవి విరిచి, "చూడు, ఆకాశం ఉప్పగా వచ్చింది" అన్నారట.

"ఆకాశాన్ని నాకి చూశారాండీ మీరు?" అన్నారట పిన్నిగారు. మళ్ళీ మూడు రోజులు మాటల్లేవు.

ఇక దీపం అంటే ఆయనకి ఎక్కడలేని మంట. ఆ వేళప్పుడు గట్టుమీద ఎవరైనా సెల్లు లైటు వేశారో, "ఆర్పండి! ఆ లైటు నా సంధ్య మీద పడుతోంది!" అని లేచి వస్తారు. పంచాయతీవాళ్ళు తూము దగ్గర లైటు స్తంభం పాతుతామని వస్తే, ఆ గోతిలో ఆయనే దిగి కూర్చున్నారు. చేసేదిలేక స్తంభాన్ని రామాలయం వీధికి తీసుకుపోయారు.

వీటన్నిటికీ మించింది ఆ బల్ల. ఆరడుగుల పనసచెక్క బల్ల. మోయాలంటే ఇద్దరు మనుషులుండాల్సిందే. మేనల్లుడు హైదరాబాదు నుంచి మడతపెట్టే స్టాండు, తేలికైనది, పంపిస్తే దానికి బీరపాదు పాకించారు. బల్ల మీద కూర్చుంటే తప్ప చెయ్యి తిరగదనేవారు. వెళ్ళేటప్పుడు దారిన పోయే ఎవరో ఒకరు రెండో కొస పట్టేవారు. తిరిగొచ్చేటప్పుడు ఆ రెండో కొస నాది. రెండేళ్ళపాటు నాదే.

ఇక్కడ నా గురించి కాస్త చెప్పుకోవాలి. నా పేరు దుర్గాశ్రీనివాస్. నాకో రహస్యం ఉండేది. చీకటి పడితే నాకు కళ్ళు కనపడవు. పుట్టుకతోనే అంత. చిన్నప్పుడు అది జబ్బని నాకే తెలీదు. చీకటంటే చీకటే కదా, అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. పెద్దయ్యాక డ్రైవరుగా మస్కట్ వెళ్ళాను. అక్కడ రోడ్లన్నీ పట్టపగల్లా వెలుగుతుంటాయి, ఏడాదిన్నర బాగానే గడిచింది. ఒక సాయంత్రం మా సేఠు తన తోటకి తీసుకెళ్ళమన్నాడు. ఆ దారిలో దీపాల్లేవు. ఖర్జూరపు చెట్టు ఎదురొచ్చి బండిని గుద్దింది. అంటే, సేఠుకి నేను అలాగే చెప్పాను. డాక్టరు పరీక్ష చేసి, పగలు నీకేం ఢోకా లేదు, చీకట్లో మాత్రం ఇంతే, దీనికి మందు లేదన్నాడు.

ఇంటికొచ్చి అక్కడి వాతావరణం పడలేదని చెప్పాను. మా అమ్మకి కూడా అసలు సంగతి చెప్పలేదు. చెబితే మా ఊళ్ళో "రేచీకటి శ్రీను" అని పేరు పడుతుంది, అది నాతో కాటిదాకా వస్తుంది. అసలే పెళ్ళి కావలసినవాణ్ణి. పి.గన్నవరం సెంటర్లో జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసే కొట్లో కుదురుకున్నాను. ఆరింటికి కొట్టు కట్టేస్తాం. గట్టు వెంబడి నడిచి ఇల్లు చేరాలి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలకి నీరెళ్ళే బోదె. సెల్లు లైటు వేసుకోవచ్చు కదా అంటారేమో. ఆ లైటు నాకు నా చెప్పులే చూపించేది, తోవ చూపించేది కాదు.

అందుకని అడుగులు లెక్కపెట్టుకున్నాను. వంతెన నుంచి తూము దాకా నాలుగు వందల పన్నెండు. తూము నుంచి మా సందు దాకా తొమ్మిది వందల అరవై. దారిలో ఎవరైనా పలకరిస్తే కొంప మునిగేది.

"ఏం శ్రీనూ, అమ్మ బాగుందా?"

"నూట ఎనభై రెండండీ."

ఉద్యోగం జిరాక్సుల్లో కాబట్టి బుర్రనిండా అంకెలే ఉంటాయని సరిపెట్టుకునేవారు.

ఇలా ఉండగా రెండేళ్ళ క్రితం, శ్రావణమాసంలో ఒకరోజు, వాన వెలిసింది గానీ మబ్బు పట్టి ముందే చీకటి పడుతోంది. నేను గబగబా నాలుగు వందల ఎనిమిదిలో ఉన్నాను. "ఆగు! అక్కడే ఆగు! కదలకు!" అని కేక. ఉలిక్కిపడ్డాను, లెక్క కాలవలో పడిపోయింది. ఆగాను. ఆగుతుండగానే నా చుట్టూ ఉన్న లోకమంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. ఇంక ఎటు అడుగేసినా నీళ్ళే అన్నంత భయం పట్టుకుంది.

"ఇలా రారా శ్రీనూ, చూడు ఇవాళ్టి నా నిర్వాకం" అన్నారు త్రిమూర్తులు గారు.

గొంతు వచ్చిన వైపు తడుముకుంటూ వెళ్ళాను. ఏదో కాగితం మొహం ముందు పెట్టిన చప్పుడైంది. కనపడలేదంటే రహస్యం బయటపడుతుంది. పడకూడదు. దేవుడా అనుకుని మొదలుపెట్టాను.

"అద్భుతం బాబాయి గారూ! ఆ కొబ్బరిచెట్ల నీడ నీళ్ళలో ఎంత బాగా పడిందండీ! ఆ ఆకాశంలో ఎరుపు చూడండి! ఇదుగో, ఈ చుక్క నేనే కదండీ?"

ఆయన కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్న చప్పుడైంది.

"అంత బాగుందంటావా?"

"మీరేసినవాటిల్లో ఇంత బాగొచ్చింది ఇంకోటి లేదండీ."

"సరే పద. ఈ గొడుగు తడిగా ఉంది, నా పంచెకి అంటుకుంటోంది. ఆ రెండో కొస నువ్వు పట్టుకో" అన్నారు. తడి గొడుగుని ఇద్దరు మనుషులు మోయడం ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ, ఆ కొస పట్టుకునే ఇంటికి చేరాను. మా వీధిలో దీపాలు కనపడగానే బతుకు జీవుడా అనుకున్నాను.

మర్నాటి నుంచీ బల్ల మోత. "ఒరే శ్రీనూ, రెండో కొస!" అని పిలుపు. ఆయన ముందు, నేను వెనక. బల్ల పైకి లేచిందంటే గట్టు ఎక్కుతున్నట్టు, ఎడమకి లాగిందంటే మలుపు వచ్చినట్టు. దానికి తోడు ఆయన నోరు ఊరుకోదు. దారి పొడుగునా ఒకటే సణుగుడు. "ఈ గొయ్యి పూడ్చే నాథుడు లేడు." "ఎవడ్రా ఇక్కడ కొబ్బరిమట్ట పడేసింది?" "ఈ వేరు ఏదో ఒకరోజు నా కాలు విరగ్గొడుతుంది." ఆ సణుగుడు వింటూ, గొయ్యి దగ్గర అంగ వేస్తూ, మట్ట దాటుతూ, వేరు తప్పించుకుంటూ నేను హాయిగా ఇంటికి పోయేవాణ్ణి. పైకి మాత్రం "నా నడుం విరిగిపోతోంది బాబాయి గారూ" అని మొత్తుకునేవాణ్ణి. ఈ పిచ్చి మహానుభావుడు నాకు దొరకడం నా అదృష్టం అనుకునేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు పాపం శ్రీను, ముసలాయన చేతికి చిక్కాడని జాలిపడేవారు.

నాకు కొట్లో ఆలస్యమై, తూము దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చిన రోజున కూడా ఆయన అక్కడే ఉండేవారు, చీకట్లో, రాయిలా కూర్చుని.

"చీకట్లో ఏం గీస్తున్నారండీ?" అని ఎవరైనా అడిగితే, "గీయడం అయిపోయింది, ఆరలేదు" అనేవారు.

వాన కురుస్తున్నా గొడుగేసుకుని కూర్చునే ఉండేవారు. "వానలో ఏటారుద్దండీ?" అని వీరాయమ్మ పగలబడి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

మొన్న మాఘమాసంలో నాకు సంబంధం వచ్చింది. ముక్తేశ్వరం జగ్గారావు గారి అమ్మాయి మాధురి. సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతుంది. ఆ సంబంధం ఎందుకొచ్చిందో వింటే మీరు నవ్వుతారు. "ఈ రోజుల్లో దీపాలు పెట్టాక గడప దాటని కుర్రాడు ఎక్కడ దొరుకుతాడండీ! పేకాట లేదు, మందు లేదు, సెంటర్లో తిరుగుళ్ళు లేవు, బంగారం" అని ఎవరో చెప్పారట. ఆ ముక్కకే జగ్గారావు గారు పడిపోయారు. పెళ్ళిచూపులు పొద్దున్న పదింటికి పెట్టించాను. ఎండలో ఆ అమ్మాయి నవ్వు స్పష్టంగా కనపడింది. ఒక్క చూపుకే నాకు నచ్చేసింది. నచ్చాక భయం ఇంకా పెరిగింది. చెప్పకుండా చేసుకుంటే మోసం. చెబితే పోతుంది. రోజూ పొద్దున్న చెప్పేద్దామని ఫోను తీసేవాణ్ణి, రోజూ సాయంత్రం రేపు చెబుదామని పెట్టేసేవాణ్ణి.

ఒక ఆదివారం ఇల్లు చూడ్డానికి తండ్రీ కూతుళ్ళు వచ్చారు. మూడింటికి వస్తామన్నవాళ్ళు నాలుగున్నరకి దిగారు. కాఫీలు, పూతరేకులు, మాటలు. జగ్గారావు గారు మా అమ్మతో చుట్టరికాలు కలుపుతూ కూర్చున్నారు. ఆ అమ్మాయి లేచి, "కాలవగట్టు చూపిస్తారాండీ? మా మేనత్త ఇంట్లో ఆ బొమ్మ ఉందండి, చిన్నప్పట్నించీ చూడాలని" అంది.

"రేపు పొద్దున్నయితే ఇంకా బాగుంటుందండీ" అన్నాను.

"రేపు పొద్దున్న నేనెందుకుంటానండీ ఇక్కడ?" అంది. అదీ నిజమే.

వెళ్ళాం. ఒక కన్ను ఆ అమ్మాయి మీద, ఒక కన్ను దిగిపోతున్న పొద్దు మీద వేసుకుని నడిచాను. తూము దగ్గరికి వచ్చేసరికి కేక పడనే పడింది.

"ఆగండి! ఇద్దరూ అక్కడే! కదలకండి!"

ఆ అమ్మాయి ముచ్చటగా నిలబడింది. నేను చెమటలు కక్కుతూ నిలబడ్డాను. ఇప్పుడే చెప్పేయాలి, ఇప్పుడే, అనుకుంటుండగానే కొబ్బరితోపు పోయింది, చేలు పోయాయి, కాలవ పోయింది, చివరికి పక్కనున్న అమ్మాయి కూడా పోయింది. సరే, బల్ల ఉందిగా, రెండో కొస పట్టుకుని ఎలాగోలా ఇల్లు చేరిపోదాం అని ధైర్యం చెప్పుకున్నాను.

"ఒరే శ్రీనూ, రెండో కొస!"

"మీరుండండి, నేను పట్టుకుంటాను" అంది మాధురి.

"అయ్యో, వద్దండీ, చాలా బరువండీ!"

"కుట్టుమిషన్లు ఒక్కదాన్నీ ఎత్తి పెట్టుకుంటానండి. ఇదో లెక్కా? మీరు ఖాళీగా రండి."

"వాడికి అలవాటమ్మా, వాణ్ణి పట్టుకోనీ" అన్నారు త్రిమూర్తులు గారు. ఆయన గొంతులో ఎప్పుడూ లేని కంగారు.

"పెద్దవారు మీరు మోస్తుంటే నేను చేతులూపుకుంటూ వస్తానాండీ?"

బల్ల లేచిన చప్పుడైంది. నాలుగు అడుగుల చప్పుడు కూడా అయింది. నేను గట్టుమీద పాతిన స్తంభంలా నిలబడిపోయాను. నా చేతిలో ఏమీ లేదు. తూము నుంచి ఎన్ని అడుగులో ఆ కంగారులో గుర్తు రాలేదు, రెండేళ్ళుగా బల్ల ఉంది కదా అని లెక్క మానేశాను. అంతలో అడుగుల చప్పుడు ఆగింది. ఆయన కదలడం మానేశారు.

"ఏం చేద్దాం శ్రీనూ?" అన్నారు మెల్లిగా. "నువ్వే చెప్పాలి."

ఇంక దాచి లాభం లేదు. ఏడుపొచ్చేటట్టు ఉంది.

"మాధురి గారూ, నాకు కనపడదండీ. పగలు అంతా బాగానే ఉంటుంది. చీకటి పడితే ఏమీ కనపడదు. పుట్టుకతోనే అంత. దీనికి మందు లేదన్నారు. మస్కట్ నించి అందుకే వచ్చేసేను. మీకు ముందే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. నాదే తప్పు. మీరు వద్దనుకుంటే నేనేమీ అనుకోను."

"నేను ఇటున్నానండీ" అంది మాధురి. "మీరు కొబ్బరిచెట్టుకి చెబుతున్నారు."

నేను ఇటు తిరిగాను. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది.

"అయితే దీపాలు పెట్టాక గడప దాటరంటే..."

"ఇదేనండీ సంగతి."

"వారం రోజులుగా మా ఇంట్లో ఇదే పొగడ్తండీ! మా అన్నయ్యని కూడా మీ పేరు చెప్పి తిడుతున్నారు!" అని ఇంక ఆపుకోలేక నవ్వింది. నవ్వి నవ్వి బల్ల కింద పెట్టేసింది. తర్వాత దగ్గరికొచ్చి, "నాదీ ఒకటి వినండి. నాకు పొద్దున్నే లేవడం చేతకాదు. ఎనిమిదయ్యేదాకా ఇల్లు కూలినా లేవను. అది మావాళ్ళు మీకు చెప్పలేదు. మీరు పొద్దున్న నన్ను లేపండి, సాయంత్రం నేను మిమ్మల్ని నడిపిస్తాను. సరేనాండీ?" అంది.

"ఆయ్" అన్నాను.

"నాన్నగారికి నేను చెప్తాను. ముందు మీరీ బల్ల మధ్యలో పట్టుకోండి."

ముగ్గురం ఆ బల్ల మోసుకుంటూ బయల్దేరాం. "బాబాయి గారూ, మీకు ఎప్పట్నించి తెలుసండీ?" అని అడిగాను.

"ఏం తెలుసురా? గొయ్యొచ్చింది, ఈ పంచాయతీవాళ్ళు ఎప్పుడు పూడుస్తారో!" అన్నారాయన.

ఇంటి దగ్గర అమ్మాజీ పిన్నిగారు ఎదురొచ్చి, బల్ల మోస్తున్న కొత్తమనిషిని చూసి, సంగతి విని, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఇచ్చి ఇంక ఆగలేకపోయారు.

"అమ్మయ్య, ఇప్పటికైనా బయటపడ్డావు నాయనా! నా బల్ల నాకొస్తుంది. అది నేను అప్పడాలు ఎండబెట్టుకునే బల్ల. తొమ్మిదేళ్ళు ఈయన అట్ట ఒకటి చంకలో పెట్టుకుని పోయి వచ్చేవారు. రెండేళ్ళ కిందట ఒకరోజు తడి గొడుగేసుకొచ్చి, రేపట్నించి ఆ బల్ల నాక్కావాలన్నారు. ఎందుకండీ అంటే, మోయడానికి ఇద్దరు కావాల్సిన సామాను మనింట్లో అదొక్కటే ఉందన్నారు. వానలో కూడా ఆ కుర్రాడొచ్చేదాకా కూర్చుని, జలుబు చేసుకుని నా ప్రాణం తీసేవారు!"

నేను ఆయన వైపు చూశాను. దీపం వెలుగులో బాగానే కనపడుతున్నారు. సిగ్గుపడిపోతున్నారు. ఆరకపోవడమంటే ఇన్నాళ్ళూ నేను రాకపోవడమన్నమాట. నేను కూడా వీరాయమ్మతో కలిసి నవ్వానే అని మనసు చివుక్కుమంది.

"మరి మీకెలా తెలిసిందండీ?" అంది మాధురి.

ఆయన లేచి వెళ్ళి, బీరువా మీంచి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. దళసరి బొమ్మల కాగితం. తెల్లగా ఉంది. ఇటు తిప్పాను, అటూ తెల్లగానే ఉంది.

"ఆవేళ మబ్బు కమ్మేసింది. కుంచె తడిపేను, అంతే. ఒక్క గీత పడలేదు. అదే నిర్వాకం అని చూపిస్తే, నువ్వు కొబ్బరిచెట్ల నీడలన్నావు, ఆకాశంలో ఎరుపన్నావు, చుక్క కూడా చూపించేవు."

నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. "మరి ఆవేళే అనొచ్చు కదండీ!"

"ఎలా అంటానురా? తొమ్మిదేళ్ళలో నా బొమ్మని అంత బాగా పొగిడినవాడు ఇంకొకడు లేడు. అందులో బొమ్మే లేదని ఏ నోటితో చెప్పను?"

జగ్గారావు గారికి మాధురి బండి ఎక్కబోయే ముందు చెప్పేసింది. ఆయన కాసేపు ఆలోచించి, "పేకాటకి వెళ్ళడు కదా? ఎందుకు వెళ్ళడన్నది మనకెందుకమ్మా!" అన్నారు. మా అమ్మ మాత్రం నన్ను రెండు రోజులు తిట్టి, మూడోరోజు ఏడ్చి, నాలుగోరోజు వీధి గుమ్మానికి పెద్ద లైటు పెట్టించింది.

చైత్రమాసంలో పగటి ముహూర్తానికి పెళ్ళయింది. పిన్నిగారి బల్ల పిన్నిగారికి వచ్చేసింది, అప్పడాలు దాని మీదే ఎండుతున్నాయి. త్రిమూర్తులు గారు మళ్ళీ అట్ట చంకలో పెట్టుకుని పోతున్నారు. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి మాధురి స్కూటరు మీద సెంటర్‌కొచ్చి నన్ను ఎక్కించుకుంటుంది. తూము ఇంకా అంత దూరాన ఉండగానే లైటార్పమని కేక వినపడుతుంది. అయినా మా ఆవిడ ఆర్పదు. ఆయన తిడతారు. రోజూ ఇదే భాగోతం.

మా పెళ్ళికి ఆయన చదివింపు ఏమిటో చెప్పనక్కర్లేదు గానీ, ఒక్క తేడా ఉంది. ఊరందరికీ ఇచ్చిన సాయంత్రం మాకివ్వలేదు. ఆ తెల్లకాగితానికే అద్దం, చెక్క ఫ్రేము కట్టించి, కింద తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. అది మా హాల్లో వీధి గుమ్మానికి ఎదురుగా ఉంది. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగి, కళ్ళు చికిలించి, ఇదేంటని నన్ను అడుగుతారు. నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి మాధురి వచ్చేస్తుంది.

"బాగుంది కదండీ? ఆ కొబ్బరిచెట్ల నీడ నీళ్ళలో ఎంత బాగా పడిందో చూడండి. ఇదుగో, ఈ చుక్క మా ఆయన!"

మొన్న వీరాయమ్మ చాలాసేపు చూసి, వెళ్ళేముందు నా చెవిలో అంది. "ఎంతైనా మీ సుక్క నా సుక్క కన్నా బాగొచ్చిందండీ బాబూ."